వాకౌట్ కథ

అసెంబ్లీ జరిగే రోజుల్లో ఎలమంచిలి బస్టాండు దగ్గర టీ తాగుతూ పేపరు చదివే వాళ్లు “ప్రతిపక్షం వాకౌట్ చేసేసింది” అంటే అర్థమేమిటని ఎవరూ అడగరు. ఇంగ్లీషు పుస్తకంలో అదే మాట ఎదురైతే పిల్లలు తడబడతారు. వాక్ అంటే నడక, అవుట్ అంటే బయటికి. రెండూ కలిశాక నడక వెనక్కి పోయి నిరసన ముందుకొస్తుంది. సభలోంచి లేచి వచ్చేస్తే పక్కన ‘ఆఫ్’ చేరుతుంది. ‘ఆన్’ చేరితే నమ్ముకున్న మనిషిని నట్టేట వదిలేశాడని. కార్మికులు ఉన్నపళంగా పని ఆపి బయటికొచ్చినా వాకౌటే. తెలుగులో ‘లేచిపోయారు’ అంటే వేరే కథ, ‘పారిపోయారు’ అంటే అవమానం. అందుకే కాబోలు, మన పత్రికలు ఇంగ్లీషు మాటనే ఉంచుకున్నాయి.

మన చట్టసభల చరిత్రలో పేరుపడ్డ వాకౌట్ 1926 మార్చి 8 నాటిది. స్వపరిపాలన కోరికను ప్రభుత్వం పట్టించుకోలేదని మోతీలాల్ నెహ్రూ స్వరాజ్య పార్టీ సభ్యులను వెంటబెట్టుకుని కేంద్ర శాసనసభ నుంచి బయటికి నడిచారు.

అంతకు అయిదేళ్ల ముందే మన చీరాల ఆ పని చేసింది. చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేయడంతో ఏటా నాలుగు వేల రూపాయలున్న పన్ను నలభై వేలకు చేరింది. అక్కడ నేతపని వాళ్లే ఎక్కువ. అంత పన్ను ఎక్కణ్నుంచి తెస్తారు? ఎడింబరోలో చదివొచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, ఆయన వెంట ఉన్న రామదండు అనే స్వచ్ఛంద సేవకుల దళం వాళ్లకు అండగా నిలిచారు. 1921లో గాంధీజీ రెండు దారులు చూపించారు: పన్ను కట్టకుండా జైలుకు సిద్ధపడడం, లేదా మునిసిపాలిటీ హద్దు దాటి వెళ్లిపోవడం. జనం రెండోదే ఎంచుకున్నారు. మండుటెండల్లో, పిల్లాపాపలతో, పదమూడు వేల మందికి పైగా ఇళ్లు వదిలి ఊరవతల పాకలు వేసుకున్నారు. ఆ చోటికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. వానలొచ్చాయి, చలి వచ్చింది, గోపాలకృష్ణయ్యను జైల్లో పెట్టారు. అయినా దాదాపు పదకొండు నెలలు అక్కడే ఉన్నారు.

సభలో వాకౌట్ చేసినవాళ్లు మర్నాడు వచ్చి అదే కుర్చీలో కూర్చోవచ్చు. చీరాల జనం విడిచింది సొంత గడపల్ని. ఆ మాటకు అసలైన బరువు తెచ్చింది, నా లెక్కలో, వాళ్లే.