ప్రియదర్శినిలో శకుని

మాయాబజార్ మీద ఇప్పటికే బోలెడు వ్యాసాలు వచ్చాయి. పాటల మీద, పింగళి మాటల మీద, ఎస్వీఆర్ గద మీద, మార్కస్ బార్ట్‌లే తీసిన వెన్నెల మీద. కాబట్టి ఆ సినిమా ఎంత గొప్పదో నేను మళ్ళీ చెప్పబోవట్లేదు, భయపడకండి :) నాకు కావలసినవి అందులోని రెండు వస్తువులు. ఒకటి ప్రియదర్శిని పెట్టె, రెండోది సత్యపీఠం. రెండూ తెర మీద కనిపించేది కాసేపే. కానీ గత ఇరవయ్యేళ్ళ సోషల్ మీడియా చరిత్రంతా ఆ రెంటి మధ్యే నడిచిందని నాకనిపిస్తుంది. కోడ్ రాసి బతికేవాణ్ణి కాబట్టి నా చూపు అలా ఉందేమో కూడా. చదివి మీరే చెప్పండి.

ముందు పెట్టె సంగతి. 1957 మార్చి 27న విడుదలైన సినిమా అది. విజయా వారిది, దర్శకుడు కె.వి. రెడ్డి. ప్రియదర్శిని తెరిచి చూస్తే ఎవరికి ప్రియమైనది వాళ్ళకి కనిపిస్తుంది. శశిరేఖ చూస్తే అభిమన్యుడు. రేవతీదేవి చూస్తే నగలు. బలరాముడు చూస్తే ప్రియశిష్యుడు దుర్యోధనుడు. చివరికి కృష్ణుడు చూస్తే ఎవరు? శకుని!

ఇక్కడ అందరూ నవ్వేసి ముందుకెళ్ళిపోతారు. నేను మాత్రం ఆగిపోయాను. శకుని మీద కృష్ణుడికి ప్రేమేంటి? లేదు కదా. ఉన్నది ధ్యాస. వీడు ఏం పన్నుతున్నాడా అన్న ఆలోచన. అంటే పెట్టె పేరు ప్రియదర్శినే గానీ, అది చూపించేది ప్రియమైన వాళ్ళని కాదు, మనసు ఎవరి చుట్టూ తిరుగుతోందో వాళ్ళని. ప్రేమకీ పగకీ తేడా దానికి తెలీదు.

ఇది పింగళి నాగేంద్రరావు గారి చమత్కారం మాత్రమే అనుకోకండి, దీని వేర్లు భాగవతంలో ఉన్నాయి. సప్తమ స్కంధం మొదట్లో ధర్మరాజుకి ఓ సందేహం వస్తుంది. పుట్టింది మొదలు కృష్ణుణ్ణి తిట్టిన శిశుపాలుడు, చచ్చాక ఆ కృష్ణుడిలోనే ఎలా కలిసిపోయాడని. నారదుడి జవాబు ఏంటంటే, గోపికలు కోరికతో, కంసుడు భయంతో, శిశుపాలుడు పగతో, ఎలాగైతేనేం అందరూ ఆయన్నే తలుచుకుంటూ కూర్చున్నారు. తలుచుకోవడమే లెక్క. మన పౌరాణికులు దీన్ని వైరభక్తి అన్నారు. కాలిఫోర్నియా వాళ్ళు ఎంగేజ్‌మెంట్ అన్నారు. తేడా అల్లా, అక్కడ దాని చివర మోక్షం ఉంది, ఇక్కడ ప్రకటన ఉంది.

ఇక అసలు చరిత్రలోకి వద్దాం. మా అన్నయ్య వాళ్ళ బ్యాచ్ అంతా ఆర్కుట్ మనుషులు. 2004 జనవరిలో మొదలై 2014 సెప్టెంబర్ 30న మూతపడింది అది. అందులో ఎవరి కబురు కావాలంటే వాళ్ళ పేజీకి మనమే వెళ్ళాలి. స్క్రాప్ రాయాలన్నా, ఎవరు రాశారో చూడాలన్నా కాళ్ళు మనవే. తొలినాళ్ళ ఫేస్‌బుక్కూ అంతే. అది పెట్టె కాదు, వీధి. నచ్చినవాడి గుమ్మం తొక్కుతాం, నచ్చనివాడి ఇంటి వైపు పోం.

2006 సెప్టెంబర్ 5న ఫేస్‌బుక్ న్యూస్ ఫీడ్ పెట్టింది. అందరి కబుర్లూ ఏరి ఒకచోట పోసి ఇస్తుందన్నమాట. జనానికి ఒళ్ళు మండింది. మా విషయాలు ఇలా బజార్న పెడతారా అంటూ రోజుల వ్యవధిలో లక్షల మంది వ్యతిరేక గుంపుల్లో చేరిపోయారు. అంతమంది అంత తొందరగా ఎలా చేరారంటారా? న్యూస్ ఫీడ్ వల్లే! ఫలానా మిత్రుడు ఫలానా గుంపులో చేరాడు అని ఫీడే చూపించింది, ఇంకోడు వెళ్ళి చేరాడు. ఫీడ్ వద్దన్నవాళ్ళంతా దాన్నే వాడుతూ, అది ఎంత బాగా పనిచేస్తుందో నిరూపించి పెట్టారు. గోప్యతకి కొన్ని మీటలు అదనంగా ఇచ్చారు, ఫీడ్ మాత్రం ఉండిపోయింది. ప్రియదర్శినిలో శకుని కనబడడం ఇదే మొదలని నా లెక్క.

ఆ తర్వాతిదంతా పెట్టెకి మెరుగులు దిద్దిన కథ. 2009లో లైక్ మీట వచ్చింది. ఆ ఏడాదే నవంబర్లో ట్విట్టర్‌కి రీట్వీట్ మీట వచ్చింది. అంతకుముందు ఒకరి మాట ఇంకొకరికి చేర్చాలంటే కాపీ చేసి, ముందు ఆర్‌టీ అని రాసి, 140 అక్షరాల్లో పట్టేలా కత్తిరించుకోవాలి. ఆ కాస్త శ్రమలో మనిషికి ఓ క్షణం ఆలోచన వచ్చేది. మీట వచ్చాక ఆ క్షణం పోయింది. 2012లో యూట్యూబ్ ఎన్నిసార్లు చూశారన్నది పక్కనపెట్టి ఎంతసేపు చూశారన్నది లెక్కలోకి తెచ్చుకుంది. ఆ ఏడాది జనవరిలోనే ఫేస్‌బుక్ 6,89,003 మంది ఫీడ్లలో వారం పాటు సంతోషం మాటలో దుఃఖం మాటలో తగ్గించి, వాళ్ళు రాసేది మారుతుందేమో చూసింది. కొద్దిగానే అయినా మారింది. 2014లో పరిశోధన పత్రం బయటికొచ్చాక గానీ ఆ సంగతి జనానికి తెలీలేదు.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది కోపం ముద్ర కథ. 2016 ఫిబ్రవరిలో లైక్ పక్కన ప్రేమ, నవ్వు, ఆశ్చర్యం, బాధ, కోపం ముద్రలు పెట్టారు. ఏ పోస్టుని పైకి తేవాలో తేల్చే లెక్కలో 2017 నుంచి ఈ ముద్రలు ఒక్కోదానికి లైక్ కంటే ఐదు రెట్లు బరువిచ్చారు. కోపానికి కూడా ఐదే. మీరు ఓ పోస్టు చూసి ఛీ అని ఎర్రమొహం నొక్కితే, అది ఐదుగురు మెచ్చుకున్నదానితో సమానం! 2021లో కంపెనీ లోపలి కాగితాలు బయటికొచ్చాకే ఇదంతా మనకి తెలిసింది. తర్వాత తర్వాత బరువు తగ్గించుకుంటూ వచ్చి 2020 సెప్టెంబర్లో కోపాన్ని సున్నా చేశారు. సున్నా చేశాక తప్పుడు సమాచారం, హింస జనం కళ్ళబడడం తగ్గిందట, వాడకం మాత్రం తగ్గలేదట.

నేను ఆ కోడ్ రాసినవాళ్ళని రాక్షసులనను. నా బోటివాళ్ళే అయ్యుంటారు. ఇంజనీరుకి కొలవగలిగిందే కనిపిస్తుంది. వేలు ఎక్కడ ఆగిందో కొలవచ్చు, ఎందుకాగిందో కొలవలేం. మయుడి కాలం నాటి పెట్టెకే చేతకానిది మన సర్వర్లకి ఎలా చేతనవుతుంది?

ఇంతవరకూ పెట్టె తప్పు. మరి చూసేవాళ్ళ సంగతి? ఇక్కడే బలరాముడు పనికొస్తాడు. గుమ్మడి గారి బలరాముడు చెడ్డవాడు కాదు. పెద్దమనిషి, ఆడింది ఒకటీ చేసేది ఒకటీ కాదు. కాకపోతే పెట్టెలో దుర్యోధనుణ్ణి చూసి మురిసిపోయాడు. నా శిష్యుడు ఎంత మంచివాడో అన్న నమ్మకం ఇంకాస్త గట్టిపడింది. ఇచ్చిన మాట తప్పి లక్ష్మణకుమారుడితో సంబంధం ఖాయం చేసుకునేదాకా వెళ్ళింది. అదే పెట్టెలో కృష్ణుడికి కనిపించింది శత్రువు. ఒకే యంత్రం ఒకరికి అద్దమైంది, ఇంకొకరికి సమాచారమైంది.

అన్నట్టు, ఈ సినిమా అంతటా గొడవ పాండవుల గురించే. రాజ్యం పోయింది వాళ్ళది, సంబంధం తప్పింది వాళ్ళ పిల్లాడికి. కానీ పాండవులు ఒక్కసారి కూడా తెర మీద కనబడరు. ఏదైనా రచ్చ జరుగుతున్నప్పుడు నాకిది గుర్తొస్తుంది. వేలమంది ఎవరి గురించి కొట్టుకుంటున్నారో వాళ్ళు సాధారణంగా అక్కడుండరు. మిగిలేది అస్మదీయులూ తస్మదీయులూ. ఆ రెండో మాట సంస్కృతంలో లేనే లేదు, పింగళి పుట్టించిందే. అవతలివాళ్ళంటూ ఒక జట్టు కావాలంటే ముందు వాళ్ళకో పేరు పుట్టించాలన్నమాట. మన హీరోల అభిమానుల్నే చూడండి. తస్మదీయ హీరో ట్రైలర్ని వెక్కిరించడానికి పదిసార్లు చూస్తారు, ముక్కలు చేసి పంచుతారు. శిశుపాలుడి భక్తి కూడా దీని ముందు దిగదుడుపే.

నవ్వులాట కాదనడానికి 2018 చాలు. ఆ వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు, మాటల రికార్డింగులు మన రెండు రాష్ట్రాల్లో ఊరూరా తిరిగాయి. తెలంగాణలో అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపారు. జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురిని చంపారు. జూలై 13న బీదర్ జిల్లాలో, హైదరాబాద్ నుంచి స్నేహితులతో వెళ్ళిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని చంపేశారు. దారిలో ఆగి పిల్లలకి చాక్లెట్లు ఇవ్వడమే వాళ్ళు చేసిన నేరం. తప్పించుకుని కారెక్కితే, వీడియో ముందు ఊరికి వాళ్ళకంటే ముందే చేరింది. ఆ వార్త చదివిన రోజు మా కాలేజీ గ్రూపులో ఎవరూ ఏమీ ఫార్వర్డ్ చెయ్యలేదు. ఒక్కరోజే అనుకోండి.

గమనించాల్సిందేంటంటే వాట్సాప్‌లో ప్రియదర్శిని లేదు. ఏది పైకి రావాలో తేల్చే లెక్కలేవీ లేవు. అక్కడ ఏరేదీ మోసేదీ మనమే. కంసుడి దారి అది, భయం దారి. బిడ్డల మీద ప్రేమే ఆ భయానికి మూలం, అందుకే అంత వేగం. ఆ నెలలోనే కంపెనీ మన దేశంలో ఒకసారికి ఐదు చాట్లకి మించి ఫార్వర్డ్ పంపకుండా కట్టడి పెట్టింది, 2019 జనవరిలో ప్రపంచమంతా. చాలాసార్లు చేతులు మారిన సందేశమైతే ఒక్క చాట్‌కే అని 2020 ఏప్రిల్లో. చూశారా, రీట్వీట్ మీటతో 2009లో తీసేసిన ఆ క్షణాన్నే మళ్ళీ కొంచెం కొంచెంగా తెచ్చి పెడుతున్నారు. అదే 2018లో గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు ఇంకో దారి పట్టారు. ఒక్కో ఊరి బాధ్యత ఒక్కో పోలీసుకి అప్పగించి, డప్పు కొట్టించి, పాటలు కట్టించి, వదంతుల గురించి జనం భాషలో చెప్పించారు. ఫోన్లో వచ్చినదానికి జవాబు ఫోన్లో కాకుండా రచ్చబండ దగ్గర దొరికింది. నాకు ఇది ఏ అల్గారిథమ్ కన్నా తెలివైన పనిగా అనిపిస్తుంది.

మరి సత్యపీఠం? దాన్నెక్కినవాడు మనసులో మాట దాచలేడు. చివర్లో సాత్యకి శకునిని దాని మీద నిలబడి మాట్లాడమంటాడు, వాడు పన్నాగమంతా తన నోటితోనే కక్కేస్తాడు. మన కాలంలో దీన్ని కట్టాలని చాలానే చూశారు. 2016 డిసెంబర్లో ఫేస్‌బుక్ బయటి సంస్థలతో నిజనిర్ధారణ మొదలుపెట్టింది. 2025 జనవరిలో అమెరికా వరకూ దాన్ని ఆపేస్తున్నామంది. 2021లో ట్విట్టర్ వాడేవాళ్ళ చేతే వివరణలు రాయించడం మొదలెట్టింది. మంచివే. కానీ జాగ్రత్తగా చూస్తే సత్యపీఠం చేసే పని ఇది కాదు. అది చెప్పిన మాట నిజమా అబద్ధమా అని తేల్చదు, ఎందుకు చెబుతున్నావో బయటపెడుతుంది. నిజమైన ఫొటోతో కూడా ఊరు తగలబెట్టొచ్చు కదా! ఈ ఎందుకు అన్నది ఏ కంపెనీ కట్టలేదు, కట్టలేదు కూడా.

కాబట్టి నేను దాన్ని నా మట్టుకు నాకు చేతనైనంతలో కట్టుకున్నాను. ఏదైనా పంచబోయే ముందు పీఠం ఎక్కి, దీన్ని ఎందుకు పంపుతున్నాను అని ఒక్క వాక్యం పైకి అనుకుంటాను. తస్మదీయులు ఉడుక్కోవాలని అన్న జవాబు వస్తే పంపను. ఎన్నిసార్లు ఆ జవాబే వస్తుందో చెబితే పరువు పోతుంది :) కోపమొచ్చిన పోస్టు కింద తిట్టడం మానేశాను, ఎందుకంటే తిట్టు కూడా ఓటే. ఆ విషయం మాట్లాడాలంటే దాని లంకె ఇవ్వకుండా విడిగా రాస్తాను. ఇవేం గొప్ప కనిపెట్టుళ్ళు కావు. పైగా మా చెల్లి అన్నట్టు, నువ్వొక్కడివీ మానేస్తే సర్వర్లు ఆగవురా.

ఆగవు. కానీ నెలకోసారి నాకు సిఫార్సు చేసిన వీడియోల పేజీ తెరిచి కృష్ణుడిలా చూస్తాను, ఇప్పుడు నా పెట్టెలో ఎవరు కూర్చున్నారా అని. పోయిన నెల ఓ సినిమా సమీక్షకుడు కూర్చున్నాడు. అతని మాటొక్కటి కూడా నాకు నచ్చదు, నలభై నిమిషాల వీడియోలు నాలుగు చూసినట్టు లెక్క చూపిస్తోంది. ఆసక్తి లేదు అన్న మీట నొక్కాను. మూడు రోజులకి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ నొక్కాను.