క్రౌన్‌వెబ్: అమెరికాలో డయాలిసిస్ రోగుల వివరాల ఆన్‌లైన్ నమోదు

అమెరికాలోని డయాలిసిస్ కేంద్రాలు తమ రోగుల వివరాలను ఇంటర్నెట్ ద్వారా ఫెడరల్ ప్రభుత్వానికి పంపడానికి వాడిన వ్యవస్థ పేరు క్రౌన్‌వెబ్. మెడికేర్, మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకాలను నడిపే సీఎంఎస్ దీన్ని తయారుచేయించింది. 2009 ఫిబ్రవరిలో వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్ని కేంద్రాల్లో మొదలై, 2012 జూన్ 14న దేశమంతటా అమల్లోకి వచ్చింది. 2020లో ఈక్యూఆర్‌ఎస్ అనే కొత్త వ్యవస్థలో కలిసిపోయింది. అంతకుముందు ఈ వివరాలు కొన్ని కాగితాల మీద, కొన్ని ఫ్యాక్సులో, కొన్ని వేరువేరు సాఫ్ట్‌వేర్లలో ఉండేవి. చికిత్స ఎలా సాగుతోందో తెలిపే లెక్కలైతే నమూనాగా ఎంచిన కొద్దిమందివే దొరికేవి. ప్రతి రోగి లెక్కా నెలనెలా ఒకే చోటికి చేరడం క్రౌన్‌వెబ్‌తోనే మొదలైంది.

నేపథ్యం

కిడ్నీ రోగుల వివరాలు ప్రభుత్వం దగ్గర ఎందుకుండాలన్న ప్రశ్నకు జవాబు 1972 నాటి చట్టంలో ఉంది. ఆ ఏడాది అక్టోబరు 30న అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన సోషల్ సెక్యూరిటీ సవరణలు, కిడ్నీలు పూర్తిగా పాడైనవారికి వయసుతో నిమిత్తం లేకుండా మెడికేర్‌లో చోటిచ్చాయి. 1973 జులై 1 నుంచి అది అమలైంది. డయాలిసిస్ ఖర్చు భరించలేక చనిపోయేవారికి అది ప్రాణం పోసిన చట్టం. డబ్బు చెల్లించేది ప్రభుత్వమే కాబట్టి ఎవరికి, ఎక్కడ, ఎలాంటి చికిత్స జరుగుతోందో తెలుసుకునే బాధ్యతా దానిపైనే పడింది. 1978లో మరో చట్టం ప్రాంతాలవారీగా పర్యవేక్షించే సంస్థలకు పునాది వేసింది. నెట్‌వర్క్‌లు అని పిలిచే ఈ సంస్థలు మొదట 32 ఉండేవి, తర్వాత 18కి తగ్గాయి. ఈ సమాచారం ఆధారంగా దేశం మొత్తం మీద కిడ్నీ జబ్బు తీరును ఏటా ప్రకటించే యూఎస్‌ఆర్‌డీఎస్ 1988లో ఏర్పడింది.

ఈ ఏర్పాటుకు ఆయువుపట్టు మూడు ఫారాలు. కొత్త రోగి చికిత్స మొదలుపెట్టిన 45 రోజుల్లో నింపాల్సింది 2728. కిడ్నీలు ఎందుకు పాడయ్యాయి, మధుమేహం, రక్తపోటు ఉన్నాయా, డయాలిసిస్‌కు ముందు కిడ్నీ డాక్టరు దగ్గర వైద్యం చేయించుకున్నారా, ఎత్తు, బరువు, రక్తపరీక్షల ఫలితాలు ఎంత అన్నవి అందులో ఉంటాయి. డాక్టరుతోపాటు రోగి కూడా సంతకం పెట్టాలి. రోగి చనిపోతే 2746 పంపాలి. ఏడాది చివర కేంద్రం మొత్తానికి సంబంధించిన లెక్క 2744లో ఇవ్వాలి. 2728 ప్రతి ఒకటి సోషల్ సెక్యూరిటీ కార్యాలయానికి, మరొకటి నెట్‌వర్క్‌కు వెళ్లేది. ఇంకొకటి కేంద్రం ఫైల్లో ఉండేది. అందిన కాగితాన్ని నెట్‌వర్క్ ఉద్యోగి మళ్లీ టైపు చేసేవారు. ఒక అంకె తారుమారైతే ఆ రోగి రికార్డు మరొకరిదైపోయే ప్రమాదం ఉండేది.

క్రౌన్‌వెబ్‌కు ముందే కొంతవరకు కంప్యూటర్లు వచ్చాయి. నెట్‌వర్క్‌లు సిమ్స్ అనే డేటాబేస్ వాడేవి. సీఎంఎస్ దగ్గర రెమిస్ ఉండేది. కేంద్రాల్లో స్థాపించుకోవడానికి విజన్ అనే సాఫ్ట్‌వేర్ ఇచ్చారు. చికిత్స నాణ్యత లెక్కలు మాత్రం 1994లో మొదలైన మరో పథకం కింద కొన్ని వేల మంది కేస్‌షీట్లను చూసి రాసుకున్నవే. దేశం మొత్తం పరిస్థితికి ఆ నమూనా సరిపోయింది కానీ, ఫలానా కేంద్రంలో వైద్యం ఎలా ఉందో చెప్పడానికి సరిపోలేదు.

నిబంధన, అమలు

2008 ఏప్రిల్ 15న సీఎంఎస్ డయాలిసిస్ కేంద్రాల నిబంధనలను పూర్తిగా తిరగరాసింది. అవి అదే ఏడాది అక్టోబరు 14 నుంచి అమల్లోకి వచ్చాయి. రోగుల వివరాలను ఎలక్ట్రానిక్ పద్ధతిలోనే పంపాలన్న నిబంధనకు మాత్రం 2009 ఫిబ్రవరి 1 దాకా గడువిచ్చారు. ఆ తేదీ వచ్చింది గాని వ్యవస్థ సిద్ధంగా లేదు. ఫిబ్రవరిలో మొదటి విడత, జులైలో రెండో విడత కేంద్రాలతో పరీక్షించి, లోపాలు సరిదిద్దుకుంటూ దేశమంతటా తెరిచేసరికి మూడేళ్లు పైనే పట్టింది. ఆలస్యమైనా అలా ఆగడమే మంచిదైంది. అప్పటికి దేశంలో 5,500కు పైగా కేంద్రాలు, 4 లక్షలకు పైగా డయాలిసిస్ రోగులు ఉన్నారు. అంతమంది రికార్డులు ఒకేసారి చెదిరిపోతే సరిదిద్దడం ఎవరి తరమూ కాదు.

ఏం నమోదు చేసేవారు

రోగి చేరడం, వెళ్లిపోవడం, చికిత్స పద్ధతి మారడం జరిగినప్పుడల్లా ఎక్కించాల్సి ఉండేది. ప్రతి నెలా హిమోగ్లోబిన్, క్యాల్షియం, ఫాస్పరస్ వంటి ఫలితాలు ఇవ్వాల్సి వచ్చేది. రక్తం తీసుకునే దారి ఫిస్టులానా, గ్రాఫ్టా, క్యాథెటరా అన్నది కూడా చెప్పాల్సి ఉండేది. క్యాథెటర్ ఉన్నవారికి ఇన్‌ఫెక్షన్ ముప్పు ఎక్కువ కాబట్టి ఆ ఒక్క వివరమే కేంద్రం గురించి చాలా చెబుతుంది. ఒక నెల లెక్కలు సరిచూసి పంపడానికి ఆ నెల ముగిశాక దాదాపు రెండు నెలల వ్యవధి ఉండేది.

వీటిలో అన్నిటికన్నా శ్రద్ధ కోరేది డయాలిసిస్ ఎంత బాగా జరిగిందో చెప్పే కేటీ బై వీ. యంత్రం ఎంత వేగంగా యూరియాను తొలగించింది, ఎంతసేపు తొలగించింది, రోగి శరీరంలో నీరెంత అన్న మూడింటి లెక్క అది. వారానికి మూడుసార్లు డయాలిసిస్ చేయించుకునేవారికి ఒక్కోసారి కనీసం 1.2 ఉండాలి. దీనికోసం చికిత్సకు ముందొకసారి, తర్వాత ఒకసారి రక్తం తీస్తారు. రెండోసారి తీసేటప్పుడు నర్సు పంపు వేగాన్ని నిమిషానికి 100 మిల్లీలీటర్లకు తగ్గించి, 15 సెకన్లు ఆగి తీయాలి. అలా ఆగకుండా తీస్తే, అప్పుడే శుభ్రమై వెనక్కి వెళ్తున్న రక్తం నమూనాలో కలవవచ్చు. అప్పుడు యూరియా ఉన్నదానికన్నా తక్కువగా కనిపించి, డయాలిసిస్ చాలని మనిషికి చాలినట్టు లెక్క వస్తుంది. ఆ తప్పుడు అంకె గుప్తీకరణలో భద్రంగా ప్రయాణించి సీఎంఎస్‌కు చేరుతుంది, దాన్ని ఏ కంప్యూటరూ పట్టుకోలేదు. సమాచారం విలువ కుర్చీ పక్కన నిలబడ్డ నర్సు చేతిలోనే తేలిపోతుంది.

రోగిని గుర్తించడం

కొత్త రోగిని చేర్చేటప్పుడు క్రౌన్‌వెబ్ పేరు, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు, మెడికేర్ నంబరు అడిగి, వాటితో పాత రికార్డులన్నీ వెతికేది. అన్నీ సరిపోతే ఆ రోగినే చూపించేది. కొన్నే సరిపోతే దగ్గరి పోలికగా పట్టుకుని ఆపేసేది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినవారు, పేర్ల వరస తిరగబడినవారు, తేదీలో నెల, రోజు తారుమారైనవారు ఇక్కడ చిక్కుకునేవారు. విషయం తేలే వరకు ఆ రోగి కొత్త కేంద్రం జాబితాలోకి ఎక్కేవారు కారు. తొందరపడి కొత్త రికార్డు తెరిస్తే ఒకే మనిషి ఇద్దరయ్యేవారు. ఒక రికార్డులో పదేళ్ల చరిత్ర, ఇంకోదాంట్లో నిన్నటి చికిత్స మిగిలేవి.

కేంద్రం మారేవారితోనూ ఇలాంటి ఇబ్బందే. పాత కేంద్రం డిశ్చార్జి చూపకపోతే కొత్త కేంద్రం చేర్చుకోవడానికి అడ్డు పడేది. ఆ మధ్యకాలంలో రోగి ఎవరి బాధ్యతో జాబితా చెప్పలేకపోయేది. మామూలు రోజుల్లో ఇది గుమాస్తా పనిలాగే కనిపిస్తుంది. కానీ క్రౌన్‌వెబ్ రాకముందు, 2005 ఆగస్టులో కత్రీనా తుపాను న్యూ ఆర్లీన్స్‌ను ముంచెత్తినప్పుడు డయాలిసిస్ రోగులు ఇతర రాష్ట్రాలకు చెదిరిపోయారు. ఎవరెక్కడున్నారో, వారికి ఏ మోతాదులో చికిత్స జరిగేదో కనుక్కోవడం చాలా కష్టమైంది. కొన్ని రోజులు డయాలిసిస్ తప్పితే ప్రాణం పోయే మనుషుల విషయంలో తాజా జాబితా ఎంత అవసరమో ఆ తుపాను చూపించింది. కిడ్నీ రోగుల అత్యవసర సహాయానికి కేసెర్ అనే కూటమి ఏర్పడింది కూడా ఆ అనుభవం తర్వాతే.

భద్రత

రోగుల సమాచార గోప్యతకు ఆధారం 1996 నాటి హిపా చట్టం. ఎలక్ట్రానిక్ రికార్డులను ఎలా కాపాడాలో చెప్పే దాని భద్రతా నియమాన్ని చాలా సంస్థలు 2005 ఏప్రిల్ నుంచి పాటించాల్సి వచ్చింది. క్రౌన్‌వెబ్‌లో ప్రతి ఉద్యోగికీ సొంత ఖాతా ఉండేది. గుర్తింపు రుజువు చేసుకుని దరఖాస్తు పెట్టాకే అది తెరిచేవారు. కేంద్రం ఉద్యోగి తమ కేంద్రం రోగులను, నెట్‌వర్క్ ఉద్యోగి తమ ప్రాంతం రోగులను మాత్రమే చూడగలిగేవారు. ఎవరు ఏ రికార్డు మార్చారో వ్యవస్థ గుర్తుపెట్టుకునేది.

అసలు ప్రమాదం మాత్రం వ్యవస్థ బయట పొంచి ఉండేది. ఏదైనా రికార్డు చిక్కుపడగానే ఉద్యోగి హెల్ప్‌డెస్క్‌కు మెయిల్ రాసేవారు, అర్థమయ్యేలా రాయాలన్న మంచి ఉద్దేశంతోనే అందులో రోగి పేరు, సోషల్ సెక్యూరిటీ నంబరు పెట్టేసేవారు. తెర మీది పట్టికను ఫొటో తీసి జతచేసేవారు. అంత జాగ్రత్తగా కట్టిన గోడకు అదే పెద్ద కంత. అందుకే ప్రతి రోగికీ క్రౌన్‌వెబ్ ఒక ప్రత్యేక సంఖ్య ఇచ్చింది. ఆ సంఖ్య తప్ప మెయిల్‌లో ఇంకేమీ రాయకూడదని శిక్షణలో పదేపదే చెప్పేవారు. ఒకరి పాస్‌వర్డ్ మరొకరు వాడకూడదని కూడా. ఉద్యోగి మానేసిన రోజే ఆ ఖాతా మూసేయడం కేంద్రం బాధ్యతగా ఉండేది. 2018 ఏప్రిల్ నుంచి మెడికేర్ కార్డుల మీద సోషల్ సెక్యూరిటీ నంబరుతో ముడిపడ్డ పాత నంబరు తీసేసి కొత్తవి ఇవ్వడంతో ఈ ముప్పు మరికొంత తగ్గింది.

భారం ఎవరి మీద

అమెరికాలో డయాలిసిస్ రోగుల్లో ఎక్కువమంది డావీటా, ఫ్రెసీనియస్ అనే రెండు పెద్ద కంపెనీల కేంద్రాలకు వెళ్తారు. వాటి సొంత సాఫ్ట్‌వేర్ నుంచి వేలాది రికార్డులు కట్టగా నేరుగా క్రౌన్‌వెబ్‌కు చేరేవి. చిన్న ఊళ్లో ఒకే కేంద్రం నడుపుకునేవారికి ఆ వసతి లేదు. అక్కడ నర్సో, గుమాస్తానో ల్యాబ్ కాగితం పక్కన పెట్టుకుని ఒక్కో రోగిదీ చేత్తో ఎక్కించేవారు. స్వతంత్ర కేంద్రాల సంఘమైన ఎన్‌ఆర్‌ఏఏ తమ సభ్యుల వివరాలను కట్టగా పంపే ఏర్పాటు చేసింది. అయినా చేత్తో ఎక్కించే పని పూర్తిగా పోలేదు. నిబంధన అందరికీ ఒకటే అయినా బరువు ఒకటి కాలేదు, ఇది ఈ వ్యవస్థలో నిజమైన లోపం. రోగి దగ్గర ఉండాల్సిన గంటలు తెర ముందు గడిచాయి.

డబ్బుతో ముడి

2008లో వచ్చిన మిప్పా చట్టం నాణ్యత తగ్గిన కేంద్రాలకు మెడికేర్ చెల్లింపులో 2 శాతం వరకు కోత పెట్టే పథకం తెచ్చింది. కోతలు 2012 జనవరి నుంచి మొదలయ్యాయి. తొలి ఏడాది కొలతలన్నీ బిల్లుల నుంచి తీసినవే. తర్వాత క్రౌన్‌వెబ్ లెక్కలూ వచ్చి చేరాయి. రక్తంలో క్యాల్షియం డెసీలీటరుకు 10.2 మిల్లీగ్రాములు దాటిన రోగుల శాతం అందులో ఒకటి. మార్కులు డబ్బుగా మారాక అంకెల నిజాయితీ చూడాల్సి వచ్చింది. అందుకని 300 కేంద్రాలను ఎంచి, ఒక్కోచోట 10 మంది రికార్డులను కేస్‌షీట్లతో పోల్చే తనిఖీ పెట్టారు.

తర్వాతి దశ

2020లో క్రౌన్‌వెబ్, రెమిస్, నాణ్యతా పథకం సాఫ్ట్‌వేర్ మూడూ ఈక్యూఆర్‌ఎస్‌లో కలిశాయి. ప్రవేశానికి రెండంచెల ధ్రువీకరణ వచ్చింది. మార్పు సాఫీగా జరగలేదు. సాంకేతిక చిక్కులతో ఆ ఏడాది చివర చికిత్స లెక్కలు తీసుకోవడం ఆపేసి, 2021 జులైలో గాని మళ్లీ మొదలుపెట్టలేకపోయారు.

భారతదేశంలో ఈ పని ఇంకా తొలి దశలోనే ఉంది. 2016లో మొదలైన ప్రధానమంత్రి జాతీయ డయాలిసిస్ కార్యక్రమానికి ఒక పోర్టల్ ఉంది. ఆభా అనే ఆరోగ్య గుర్తింపు సంఖ్య ద్వారా రోగి ఏ రాష్ట్రంలో చికిత్స చేయించుకున్నా రికార్డు అందుబాటులో ఉండాలన్నది దాని లక్ష్యం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో అంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ తేలలేదు. అలాంటి చోట 2728 వంటి ఫారం, అంటే మొదటి డయాలిసిస్ నాటికే రోగి ఊరు, వృత్తి, ముందున్న జబ్బులు, పరీక్షల ఫలితాలు ఒకే తీరున రాసి ఉంచే పత్రం, పరిశోధకులకు ఎంతో ఉపయోగపడుతుంది.