ముట్లుడిగిన పిదప రక్తస్రావము: హార్మోను చికిత్స నేర్పిన పాఠములు

సాధారణముగా 45, 55 సంవత్సరముల వయస్సు మధ్య స్త్రీకి ముట్లుడుగుతవి. వరుసగా 12 నెలలపాటు బహిష్టు రాకపోయినచో ఆ దశ పూర్తియైనదని వైద్యులు నిర్ణయిస్తారు. అప్పుడు అండకోశములు ఈస్ట్రోజన్ అనే హార్మోనును తయారుచేయుట చాలవరకు మానివేస్తవి. ఒంట్లో ఆవిరులు, రాత్రివేళ చెమటలు, నిద్రలేమి, ఎముకలు గుల్లబారుట మొదలైన బాధలు కొందరికి కలుగుతవి. వీటి నివారణకై తరిగిపోయిన హార్మోనును మందు రూపమున ఇచ్చే పద్ధతి ఉన్నది. ఐతే ఈ చికిత్సలో ఒక రకపు మందు నుండి మరొక రకమునకు మారినప్పుడు, ఇక రాదనుకొన్న రక్తము మరల కనిపించుట కద్దు. ఇది మందు చేసే పనియా, వ్యాధి లక్షణమా? ఈ ప్రశ్నకు సమాధానము ఈ హార్మోనుల నూరేండ్ల చరిత్రలోనే ఉన్నది.

రెండు హార్మోనులు

1923లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున ఎడ్గార్ ఆలెన్, ఎడ్వర్డ్ డాయిజీ అను శాస్త్రజ్ఞులు పంది అండకోశములలోని చిన్న బుడగల నుండి ద్రవమును తీసి, అండకోశములు తొలగించిన ఎలుకలకు సూదిద్వారా ఎక్కించారు. ఆ ఎలుకలలో ఎదకు వచ్చిన లక్షణములు కనిపించినవి. 1929లో డాయిజీ అమెరికాలోను, బూటెనాండ్ట్ జర్మనీలోను, విడివిడిగా, గర్భిణుల మూత్రము నుండి ఈ జాతి హార్మోనును స్ఫటికముల రూపమున వేరుచేశారు. అదే సంవత్సరము రోచెస్టర్‌లో జార్జి కార్నర్, విల్లర్డ్ ఆలెన్ అనువారు రెండవ హార్మోను ఉనికిని కుందేళ్లపై పరీక్షలతో నిరూపించారు. అదే ప్రొజెస్టిరోన్. 1934లో దీనిని శుద్ధరూపమున వేరుచేయగలిగారు.

గర్భాశయపు లోపొరను పైరుతో పోల్చవచ్చును. ఈస్ట్రోజన్ ఆ పైరును ఏపుగా పెంచే నీరు వంటిది. ప్రొజెస్టిరోన్ ఆ పెరుగుదలను అదుపుచేసి పైరును పక్వమునకు తెచ్చును. మొదటిది మాత్రమే ఉండి రెండవది లేకున్నచో పైరు అడ్డూ ఆపూ లేక పెరుగును.

రక్తము ఎందుకు వస్తుంది?

అండకోశములు తీసివేసిన కోతులకు ఆలెన్ కొన్ని దినములు ఈస్ట్రోజన్ ఇచ్చి ఆపివేశాడు. ఆపిన కొద్దిరోజులకు వాటికి రక్తస్రావమైనది. అనగా రక్తమునకు కారణము హార్మోను ఉండుట కాదు, ఉన్న హార్మోను తగ్గిపోవుట. 1930వ దశకము ప్రారంభములో బెర్లిన్‌లో కార్ల్ కాఫ్‌మన్ అను వైద్యుడు, అండకోశములు లేని స్త్రీలకు మొదట ఈస్ట్రోజన్, పిదప ప్రొజెస్టిరోన్ ఇచ్చి, బహిష్టు వంటి రక్తస్రావమును కలిగించగలిగాడు.

ఆ సమయమున లోపల ఏమి జరుగునో కంటితో చూచినవాడు మార్కీ. ఇతడు గర్భాశయపు లోపొర ముక్కలను కోతి కంటిలో, నల్లగ్రుడ్డుపై నుండే పారదర్శకపు పొర వెనుక నాటాడు. ఆ పొర కిటికీ అద్దము వలె పనిచేసినది. హార్మోను తగ్గగానే మెలికలు తిరిగిన సన్నని ధమనులు ముడుచుకొనుట, రక్తము అందక కణజాలము చెడుట, పిదప రక్తము చిమ్ముట అతడు గమనించి 1940లో ప్రకటించాడు.

ఒంటరి ఈస్ట్రోజన్

చూడి గుర్రముల మూత్రము నుండి తీసిన ఈస్ట్రోజన్ మాత్ర, ప్రెమరిన్ అనే పేరుతో, 1941లో కెనడాలోను, 1942లో అమెరికాలోను అమ్మకమునకు వచ్చినది. 1966లో రాబర్ట్ విల్సన్ అను అమెరికా వైద్యుడు ముట్లుడుగుట ఒక లోపవ్యాధి అనీ, ఈస్ట్రోజన్‌తో యౌవనము నిలుచుననీ ఒక పుస్తకము వ్రాయగా అది విపరీతముగా అమ్ముడుపోయినది. లక్షలకొలది స్త్రీలు ఈస్ట్రోజన్‌ను ఒంటరిగా వాడసాగారు.

1975 డిసెంబరులో ఒకే వైద్యపత్రికలో, ఒకే సంచికలో, రెండు పరిశోధనలు వెలువడినవి. ఈస్ట్రోజన్ వాడినవారికి గర్భాశయపు లోపొర క్యాన్సరు వచ్చే అవకాశము 4.5 రెట్లని ఒకటి, 7.6 రెట్లని మరొకటి తేల్చినవి. అదుపులేని పైరు కలుపుగా మారినదన్నమాట.

నెలనెలా రావలెనా?

దీనికి విరుగుడు ప్రొజెస్టిరోన్, లేక దానివలె పనిచేసే కృత్రిమ ఔషధము. మోతాదు ఎంత అనునదే కాక, నెలలో ఎన్ని దినములు ఇచ్చినారనునది కూడ ముఖ్యమని బ్రిటన్ వైద్యుల పరిశీలనలు చూపినవి. నెలకు 12 నుండి 14 దినములు ఇచ్చుట అలవాటైనది. క్యాన్సరు భయము తగ్గినది. కాని ఆ మందు ఆపినప్పుడెల్ల, కాఫ్‌మన్ చూపినట్లే, రక్తము వచ్చును. అరువదేండ్ల స్త్రీకి నెలనెలా బహిష్టు వంటి స్రావము! చాలమంది విసిగి చికిత్సయే మానివేసేవారు.

1980వ దశకము ప్రారంభములో స్కాండినేవియా వైద్యులు మరొక మార్గము చూపారు. రెండు హార్మోనులను ప్రతిదినము, విరామము లేకుండ ఇచ్చుటయే ఆ మార్గము. అట్లు చేసిన లోపొర పలుచగానే ఉండును. పెరిగినది లేనప్పుడు రాలవలసినదీ ఉండదు. గర్భాశయముగల 596 మంది స్త్రీలపై మూడేండ్లు సాగిన ఒక అమెరికా పరిశోధన ఫలితములు 1996లో వెలువడినవి. ఒంటరి ఈస్ట్రోజన్ వాడినవారిలో నూటికి 62 మందికి లోపొర అతిగా పెరిగినది. రెండు హార్మోనులు కలిపి వాడినవారిలో అది దాదాపు ఉత్త మాత్రలు మ్రింగినవారి స్థాయిలోనే ఉన్నది.

2002లో 16,608 మందిపై జరుగుచున్న మరొక పెద్ద పరిశోధనను మధ్యలో ఆపివేశారు. రొమ్ము క్యాన్సరు, గుండెజబ్బు, పక్షవాతము, రక్తము గడ్డకట్టుట స్వల్పముగా హెచ్చినట్లు తేలుటయే కారణము. ఆ పిదప వయస్సు, ఆరోగ్యము చూచి మనిషికి తగినట్లు మందు నిర్ణయించు పద్ధతి బలపడినది.

మందు మారినప్పుడు

నెలలో కొన్ని దినములు మాత్రమే ప్రొజెస్టిరోన్ వాడుచున్న స్త్రీ, ప్రతిదినము వాడే పద్ధతికి మారినదనుకొందము. మందముగా నున్న లోపొర ఒక్కనాటిలో పలుచబడదు. పలుచబడుచున్నప్పుడు అందలి సన్నని రక్తనాళములు పెళుసుగా ఉండి అక్కడక్కడ చిట్లును. అందువలన వేళాపాళా లేక చుక్కలుగా రక్తము కనిపించును. ముట్లు పూర్తిగా ఉడుగకముందే ఈ పద్ధతికి మారినచో, స్వంత అండకోశములు అప్పుడప్పుడు పనిచేయుట వలన ఇది మరింత ఎక్కువగును. కనుకనే చివరి బహిష్టు జరిగి సంవత్సరమైన పిదప దీనిని మొదలుపెట్టుట వాడుక.

చికిత్స ప్రారంభించిన మొదటి 6 నెలలలోను, మందునో మోతాదునో మార్చిన 3 నెలలలోను ఇట్టి స్రావము సామాన్యమే. ఆ గడువు దాటినను ఆగకున్నను, ఆగిన పిదప మరల మొదలైనను, విపరీతముగా పోవుచున్నను వెంటనే వైద్యులకు చూపించవలెను. అల్ట్రాసౌండ్ పరీక్షలో లోపొర మందమును కొలుస్తారు. ప్రతిదినము రెండు హార్మోనులు వాడువారికి 4 మిల్లీమీటర్లు, నెలలో కొన్ని దినములే ప్రొజెస్టిరోన్ వాడువారికి 7 మిల్లీమీటర్లు దాటినచో లోపొర ముక్కను తీసి పరీక్షించుట అవసరము కావచ్చును. ఏ హార్మోను చికిత్సా లేని స్త్రీకి ముట్లుడిగిన పిదప ఒక్క చుక్క కనిపించినను ఉపేక్షింపరాదు.

రక్తము వచ్చుచున్నదని ప్రొజెస్టిరోన్ మాత్రలను మాత్రము మానివేసి ఈస్ట్రోజన్‌ను కొనసాగించుట అన్నిటికంటె ప్రమాదకరము. గర్భాశయము తొలగించినవారికి తప్ప ఈస్ట్రోజన్‌ను ఒంటరిగా ఇవ్వకపోవుటకు కారణము 1975 నాటి అనుభవమే. రక్తపు చుక్క కనిపించిన తేదీ, మందు మార్చిన తేదీ ఒక కాగితముపై వ్రాసియుంచి వైద్యులకు చూపినచో సగము నిర్ణయము అక్కడనే తేలును.