మంత్రాల కథలూ క్రైస్తవ పాఠకులూ

క్రైస్తవులు మంత్రాల కథలు చదవవచ్చునా అన్న ప్రశ్న ఆస్ట్రేలియాకు వచ్చిన తరువాతనే నాకు ఎదురైంది. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే తెలుగు మిత్రులొకరు, తమ పదేళ్ల అమ్మాయి గ్రంథాలయం నుంచి హారీ పాటర్ తెచ్చుకున్నదనీ, చదవనివ్వాలో వద్దో తెలియడం లేదనీ అన్నారు. నేను ఆ మతంలో పుట్టినవాణ్ణి కాను, వేదాంతిని అసలే కాను. చరిత్ర చదివే అలవాటున్న వైద్యుణ్ణి. అయితే ఈ ప్రశ్నకు ఉన్న చరిత్ర మనం అనుకునే దానికన్నా చాలా పొడవైనది. అందులో తెలుగువారి అధ్యాయం ఒకటి ఉన్నది. దాన్ని ఎవరూ ఈ సందర్భంలో తలచుకోరు.

హారీ పాటర్ మొదటి సంపుటం 1997లో వెలువడింది. మూడేళ్లు తిరక్కుండానే, 2000 మార్చిలో, ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో ఒక ఆంగ్లికన్ ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు ఆ పుస్తకాలను బడిలో నిషేధించారు. 2001 డిసెంబరు చివర అమెరికాలోని అలమగోర్డో పట్టణంలో ఒక చర్చివారు వాటిని మంటలో వేశారు. ఆస్ట్రేలియాలోనూ కొన్ని క్రైస్తవ పాఠశాలలు వాటిని తమ గ్రంథాలయాలలోకి రానివ్వలేదు. రచయిత్రి రౌలింగ్ స్కాట్లండు చర్చి సభ్యురాలు. 2007లో వచ్చిన చివరి సంపుటంలో కథానాయకుడి తల్లిదండ్రుల సమాధిపై చెక్కి ఉన్నది కొత్త నిబంధనలోని మాట. తగలబెట్టినవారు ఆఖరి సంపుటం దాకా ఆగలేదు.

వారికి ఆధారం లేదని కాదు. అపొస్తలుల కార్యములు పందొమ్మిదవ అధ్యాయంలో ఎఫెసు పట్టణపు మాంత్రికులు విశ్వాసులై తమ పుస్తకాలు తెచ్చి అందరి ఎదుట కాల్చివేస్తారు. వాటి వెల యాభై వేల వెండి రూకలు. కాని అవి ఎటువంటి పుస్తకాలు? మంత్రాలు, యంత్రాలు, దయ్యాలను పిలిచే పద్ధతులు రాసిపెట్టుకున్న వృత్తి గ్రంథాలు. ఎఫెసు వారు హోమరును కాల్చినట్లు ఆ అధ్యాయంలో లేదు. ఆయన ఒడిస్సీలో మనుషులను పందులుగా మార్చే మంత్రగత్తె ఉన్నా, ఆ కావ్యం నాటి చదువులో భాగంగానే మిగిలింది. మందుల చీటీకీ, రోగి పాత్రగా ఉన్న నవలకూ ఎంత దూరమో ఈ రెండు రకాల పుస్తకాలకూ అంత దూరం. ఇక దానియేలును చూడండి. కల్దీయుల విద్య నేర్చి, బబులోనులో శకునగాండ్రకు అధిపతి అనిపించుకున్నాడు. రాజుగారి భోజనం వద్దన్నాడే కాని వారి చదువును వద్దనలేదు.

తరువాతి శతాబ్దాలలో క్రైస్తవ పండితులను వేధించింది మంత్రం కాదు, అన్యుల కథ. నాలుగవ శతాబ్దిలో జెరోమ్ జబ్బుపడి కలగన్నాడు. పరలోక న్యాయస్థానంలో, నీవు క్రీస్తు శిష్యుడవు కావు, సిసెరో శిష్యుడవు అని తనను కొరడాలతో కొట్టించారట. ఇక లౌకిక గ్రంథాలు ముట్టనని అక్కడే ఒట్టు పెట్టుకున్నాడు. తరువాతి రచనల నిండా వర్జిల్ పలుకులే కనిపిస్తుంటే ప్రత్యర్థి రుఫినస్ ఆ ఒట్టును గుర్తుచేసి ఎద్దేవా చేశాడు. 797లో అల్క్విన్ ఒక మతాధికారికి ఉత్తరం రాస్తూ, భోజన వేళల్లో వీరగాథలు వినిపించడం మానమని, ఇంగెల్డ్ అనే అన్యమత వీరుడికీ క్రీస్తుకూ ఏమి సంబంధమని నిలదీశాడు. ఇంత గట్టిగా మందలించవలసి వచ్చిందంటే శ్రోతలు ఆ గాథలను ఎంత ఇష్టంగా వింటున్నారో ఊహించవచ్చు.

నా అభిమానం మాత్రం కైసరియా బిషప్పు బాసిల్ మీద. ఊరి వెలుపల రోగులకూ పేదలకూ పెద్ద ఆశ్రయం కట్టించినవాడు కనుక మా వృత్తివారికి ఆయన మీద కొంత పక్షపాతం ఉండడం సహజం. గ్రీకు సాహిత్యాన్ని ఎలా చదవాలో యువకులకు చెబుతూ ఒక చిన్న గ్రంథం రాశాడు. తేనెటీగ అన్ని పూల మీదా ఒకేలా వాలదు, వాలిన పువ్వునంతా మోసుకుపోదు, కావలసింది తీసుకుని తక్కినది వదిలివేస్తుంది, మీరూ అలా చదవండి అన్నది దాని సారాంశం. చెడును పొగిడే చోట చెవులు మూసుకోమన్నాడు. అందుకు ఉపమానం తెచ్చుకున్నది కూడా ఒడిస్సీలోని మాయగాయనుల కథనుంచే!

ఇంత దూరపు చరిత్ర దేనికి, మన ఇళ్లలోకే వద్దాం. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో బైబిలు పక్కన తరచుగా కనిపించే పుస్తకం ‘యాత్రికుని ప్రయాణము’. హారీ పాటర్ వద్దనే ఇంట్లో సైతం దానికి అడ్డు లేదు. ఒకసారి కొత్త కళ్లతో చదవండి. చేప పొలుసులు, ఘటసర్పం రెక్కలు, ఎలుగుబంటి పాదాలు, కడుపులోంచి పొగ, నిప్పు వెలువడే అపొల్యోను అనే వికృత రూపంతో యాత్రికుడు కత్తియుద్ధం చేస్తాడు. నిరాశ అనే రాక్షసుడు ఇద్దరు బాటసారులను పట్టి కోట చెరలో వేస్తాడు. ఒకరి రొమ్మున దాచిన తాళపుచెవి ఒకటి ఆ కోటలోని తలుపులన్నిటినీ తెరుస్తుంది. అడుగుపెట్టినవారికి మత్తు కమ్మే మాయాభూమి ఒకటి ఉన్నది. పేర్లు మార్చి చందమామలో వేస్తే సీరియల్ అని నమ్మేస్తాం.

జాన్ బన్యన్‌కు ఈ సామగ్రి ఎక్కడిది? 1658 నాటి ఒక రచనలో ఆయనే చెప్పుకున్నాడు, మారుమనస్సుకు ముందు తనకు వేదం రుచించేది కాదని, సంతలో అమ్మే పాటల కాగితాలు, సౌతాంప్టన్ బెవిస్ వంటి సాహసగాథలే కావలసి వచ్చేవని. రాక్షసులు, ఘటసర్పాలు నిండిన ఆ చవక పుస్తకాలను పశ్చాత్తాపంతో వదిలినవాడే, రాజాజ్ఞకు లొంగక పన్నెండేళ్లు బెడ్‌ఫర్డు కారాగారంలో ఉన్న తరువాత, 1678లో అవే రాక్షసులతో తన మహాగ్రంథాన్ని అచ్చువేశాడు. అచ్చువేయవచ్చునా అని మిత్రులనడిగితే కొందరు వేయమన్నారనీ, కొందరు కూడదన్నారనీ ముందుమాటగా రాసిన పద్యంలో నమోదు చేశాడు. మన ప్రశ్న అప్పటికే ఉన్నదన్నమాట. చిన్నతనంలో చదివిన కథలు మనిషిలో ఎక్కడికీ పోవు, కాలం వచ్చినపుడు వేరే పనికి వస్తాయి అనడానికి ఇంతకన్న మంచి దృష్టాంతం నాకు తెలియదు.

బన్యన్ తరువాతి వారి సంగతి చాలామందికి తెలిసినదే కనుక క్లుప్తంగా చెబుతాను. చర్చిలో బోధక పదవి పోగొట్టుకున్న జార్జి మక్డోనల్డ్ 1858లో ‘ఫాంటస్టీస్’ రాశాడు. దాన్ని 1916లో చదివిన ఒక నాస్తిక బాలుడు, తన ఊహాశక్తికి బాప్తిస్మం అప్పుడే జరిగిందని పెద్దవాడయ్యాక చెప్పుకున్నాడు. అతడే నార్నియా కథల సి.ఎస్. లూయిస్. విశ్వాసం వైపు అతణ్ణి నడిపినవారిలో కాథలిక్కు టోల్కీన్ ఒకడు. ఇంగ్లీషులో ఈ కథాప్రక్రియను నిలబెట్టినవారిలో ముఖ్యులు భక్తులైన క్రైస్తవులే.

అయితే ఈ ఆంగ్ల దృష్టాంతాలతో తెలుగు క్రైస్తవుడికి సమాధానం చెప్పామనుకుంటే పొరపాటు. కెంట్‌లో మంత్రగత్తె చీపురుకట్ట ఎక్కిన బొమ్మ. మన పల్లెల్లో అలా కాదు. ద్వితీయోపదేశకాండం పద్దెనిమిదవ అధ్యాయంలో నిషిద్ధుల జాబితాను తెలుగు చేసినవారు వెతుక్కున్న మాటలు చూడండి: సోదెగాడు, చిల్లంగివాడు, కర్ణపిశాచి నడుగువాడు. ఇవి నిఘంటువులో మాత్రమే బతికే మాటలు కావు. చిల్లంగి పెట్టారని, బాణామతి చేశారని అనుమానించి మనుషుల పళ్లు రాలగొట్టిన, ప్రాణాలు తీసిన నేల మనది. వైద్యవిద్యార్థిగా ఉన్న రోజుల్లో, కామెర్లు ముదిరిన యువకుణ్ణి భూతవైద్యుడి ఇంట వారం రోజులుంచి ఆఖరు ఘడియలో ఆసుపత్రికి తెచ్చిన కుటుంబాన్ని చూశాను. పొరుగింటి ముసలమ్మ పేరు వారి నోట పదే పదే వినిపించింది. రోగి దక్కలేదు. ఆ ముసలమ్మకు తరువాత ఏమయిందో అడిగే ధైర్యం నాకప్పుడు లేదు. అటువంటి భయంలోంచి బయటపడి చర్చి గడప తొక్కిన అమ్మమ్మ, మనుమరాలి చేతిలో మంత్రదండం బొమ్మ ఉన్న పుస్తకం చూసి ఉలిక్కిపడితే ఆమెను చూసి నవ్వకూడదు. విగ్రహాలకు అర్పించిన మాంసం గురించి పౌలు కొరింథీయులకు చెప్పినది ఇటువంటివారిని దృష్టిలో పెట్టుకునే: తినడం తప్పు కాదు, కాని బలహీనమైన మనస్సాక్షి గల సోదరుడికి నీ భోజనం అడ్డురాయి కాకూడదు. చదవకూడదనే వారి వాదాలలో నాకు గౌరవం కలిగించేది ఇదొక్కటే.

దీనికి జవాబు విచిత్రంగా నాస్తికుల దగ్గర దొరుకుతుంది. 1947 జులైలో మొదలైన చందమామను 1952 నుంచి 1980లో మరణించేదాకా తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు హేతువాది, మార్క్సిస్టు. భక్తి ప్రచారానికి ఆ పత్రికను వాడలేదని స్పష్టంగా చెప్పిన మనిషి. అయినా దయ్యాలను, దేవతలను కథల్లోంచి వెళ్లగొట్టలేదు. ధైర్యం, నిజాయితీ, స్నేహం చివరకు గెలవడం చూసి తృప్తిపడటం పిల్లల మనసుకు ఆరోగ్యమని ఆయన అభిప్రాయం. దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’ మొదలుకొని రాసిన సీరియళ్లలో మాంత్రికులకు కొదవ లేదు, కాని వాళ్ల మీద భక్తి పుట్టిన పిల్లవాణ్ణి నేను చూడలేదు. 1951 నాటి ‘పాతాళ భైరవి’లోనూ అంతే. నేపాళ మాంత్రికుడు తోటరాముణ్ణి బలి ఇవ్వబోతే, తోటరాముడే అతడి తల తెగవేస్తాడు. ఊళ్లో చిల్లంగి కథ ముసలమ్మను చంపమంటుంది. పుస్తకంలోని కథ మాంత్రికుడికి భయపడవద్దంటుంది. ఈ రెంటికీ పేరు మాత్రమే ఒకటి.

ఇక మొదట ప్రస్తావించిన తెలుగు అధ్యాయం. పద్దెనిమిదవ శతాబ్దిలోనే మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథను ‘వేదాంత రసాయనము’గా ప్రబంధ ఫణితిలో రాశాడు. తెలుగు కావ్యసంపద క్రైస్తవుడికి పరాయిది కాదని ఆయనకు సందేహం కలిగినట్లు లేదు. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా నాటికి పరిస్థితి మారింది. క్రైస్తవ కుటుంబంలో పుట్టి, పురాణాలు, ప్రబంధాలు చదివి, 1919లో ‘రుక్మిణీ కల్యాణం’, 1925లో ‘ధ్రువ విజయం’ రాశాడు. అంటరానివాడికి కవిత్వమా అని ఒకవైపు సవర్ణులు సభల్లో అవమానించారు. హిందూ దేవతల మీద రచనలు చేశాడని మరొకవైపు క్రైస్తవ మతపెద్దలు కుటుంబాన్ని వెలివేశారు. చదవవచ్చునా అన్న ప్రశ్న కెంట్‌లో ఒక పుస్తకాల అర గురించి. మన దగ్గర అది ఒక మనిషికి ఏ కథల మీద హక్కున్నది అన్న ప్రశ్న. రుక్మిణిని, ధ్రువుణ్ణి, పాటర్‌ను ఒకే మూటగా కట్టి అవతల పారవేస్తే తెలుగు పిల్లకు మిగిలే తెలుగు ఎంత?

జాషువా ఆ హక్కును వదులుకోలేదు. 1941 నాటి ‘గబ్బిలం’లో గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలో నిరభ్యంతరంగా వేలాడే గబ్బిలాన్ని పిలిచి శివుడికి కబురు పంపుతాడు. మాట తెలిసిన పక్షి, కబురు వినే దేవుడు, దేశం మీదుగా ఆకాశయానం: అంతా కల్పనే. ఆ కల్పన లేకుండా గర్భగుడి లోపలికి ఆ ఫిర్యాదు చేరే దారి ఆయనకు మరొకటి లేదు. వెలివేసిన మతపు ప్రభువు కథను కూడా ఆయన విడిచిపెట్టలేదు. 1958లో వచ్చిన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.