బుచ్చిరెడ్డిపాలెం నుంచి కంప్యూటర్ డిగ్రీ: బీటెక్‌కా, బీసీఏకా?

ఇంటర్ పూర్తయ్యాక కంప్యూటర్ కోర్సులో చేరాలనుకుంటున్నారా? బీటెక్‌కు, బీసీఏకు దరఖాస్తులు వేర్వేరు. ఏది కావాలో ముందే తేల్చుకోండి.

బీటెక్‌కు ఎలా?
సీఎస్‌ఈ, ఐటీ నాలుగేళ్ల కోర్సులు. ఎంపీసీ చదివినవారు ఏపీ ఈఏపీసెట్ రాసి, ర్యాంకును బట్టి వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాలి. 85 శాతం సీట్లు స్థానికులకే. నెల్లూరు జిల్లా ఎస్వీయూ పరిధిలోకి వస్తుంది. ఇంటర్ విజయవాడలో చదివితే అది ఏయూ పరిధి. అయినా కంగారు పడొద్దు. ఏడేళ్ల చదువులో ఎక్కువ కాలం ఎక్కడ చదివారన్నదే చూస్తారు. అందుకే ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చుకోండి.

బీసీఏకు ఎలా?
ఎంట్రన్స్ ఉండదు. ఇంటర్ మార్కులతో ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ అడ్మిషన్లలో సీటు వస్తుంది. జిల్లాలోని డిగ్రీ కాలేజీలు విక్రమ సింహపురి యూనివర్సిటీ పరిధిలో ఉన్నాయి. 2024-25 నుంచి బీసీఏకు ఏఐసీటీఈ అనుమతి కావాలి. ఆప్షన్ పెట్టేముందు కాలేజీకి అది ఉందో లేదో చూసుకోండి.

తర్వాత ఎంసీఏ చేయాలంటే?
రెండేళ్ల కోర్సు, ఏపీ ఐసెట్ రాయాలి. మ్యాథ్స్ విషయంలో అర్హత నిబంధనలు ఏమిటో నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. సీఈసీ, బైపీసీ వారు ఈ సంగతి డిగ్రీలో చేరేటప్పుడే గుర్తుపెట్టుకోవాలి.

ఖర్చు మాటేమిటి?
సీటు కన్వీనర్ కోటాదా, మేనేజ్‌మెంట్ కోటాదా అని ఫీజు కట్టకముందే అడగండి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఆ మాట కూడా ముఖ్యమే. నెల్లూరు కాలేజీ అయితే ఇంటి నుంచే బస్సులో వెళ్లిరావచ్చు, హాస్టల్ ఖర్చు మిగులుతుంది.