ప్రోస్టేట్ క్యాన్సర్: శస్త్రచికిత్సకు ముందు స్కాన్‌లు ఏం చెబుతాయి?

బయాప్సీలో ప్రోస్టేట్ క్యాన్సర్ నిర్ధారణ అయిన తర్వాత మొదట తేలవలసింది వ్యాధి గ్రంథిలోనే ఉందా, దాటి పోయిందా అన్న విషయం. గ్రంథికే పరిమితమైతే శస్త్రచికిత్సతో పూర్తిగా నయమయ్యే అవకాశం ఉంటుంది. అప్పటికే ఎముకలకు పాకి ఉంటే గ్రంథిని తొలగించినా వ్యాధి మిగిలే ఉంటుంది. పైగా మూత్రం ఆపుకోలేకపోవడం, అంగస్తంభన లోపం వంటి ఇబ్బందులు రోగికి అదనమవుతాయి. దశ నిర్ధారణకు ఇంత ప్రాధాన్యం అందుకే.

అయితే ముప్పు తక్కువగా ఉన్నవారికి వ్యాప్తిని వెతికే స్కాన్‌లు సాధారణంగా అవసరం లేదు. రక్తంలో పీఎస్ఏ 20 దాటినవారు, బయాప్సీలో కణాల తీవ్రత ఎక్కువగా ఉన్నవారు, కణితి గ్రంథి వెలుపలికి వచ్చినట్లు అనుమానం ఉన్నవారు వీటిని తప్పక చేయించుకోవాలి.

గ్రంథిని, దాని పరిసరాలను చూడటానికి ఎంఆర్ఐని మించినది లేదు. కణితి లోపలే ఉంటే టీ2, పై పొరను చీల్చుకుని వస్తే టీ3ఏ, వీర్యాశయాలకు చేరితే టీ3బీ అంటారు. అంగస్తంభనను నియంత్రించే నరాలు గ్రంథికి ఆనుకునే ఉంటాయి. వాటిని ఏ వైపున కాపాడవచ్చో వైద్యుడు నిర్ణయించేది ప్రధానంగా ఈ చిత్రాల ఆధారంగానే. బయాప్సీ వల్ల చేరిన రక్తం చిత్రాన్ని మసకబార్చుతుంది కాబట్టి ఇప్పుడు ఎంఆర్ఐని ముందే తీయడం ఆనవాయితీ అయింది. అయినా సూక్ష్మంగా పొర దాటిన కణితిని అది పట్టలేకపోవచ్చు.

వ్యాప్తిని వెతకడానికి దశాబ్దాలుగా వాడుతున్నవి సీటీ, బోన్ స్కాన్. లింఫు గ్రంథి సుమారు 8-10 మిల్లీమీటర్లకు పెరిగితేనే సీటీ దానిని అనుమానిస్తుంది. బోన్ స్కాన్ చూపేది క్యాన్సర్‌ను కాదు, ఎముక స్పందనను. పాత విరుగుడు, కీళ్ల అరుగుదల కూడా అందులో మచ్చలుగా కనిపిస్తాయి.

పీఎస్ఎంఏ పెట్ స్కాన్ దారి వేరు. ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల ఉపరితలంపై అధికంగా ఉండే ఒక ప్రోటీన్‌కు అతుక్కునే అణువుకు గాలియం-68 వంటి రేడియోధార్మిక పదార్థాన్ని జోడించి రక్తనాళంలోకి ఎక్కిస్తారు. గాలియం ధార్మికత దాదాపు 68 నిమిషాలకొకసారి సగానికి తగ్గుతుంది. అందువల్ల దానిని స్కాన్ చేసే చోటే జనరేటర్ నుంచి తీయడమో, దగ్గరి కేంద్రం నుంచి తెప్పించడమో చేయాలి. ప్రోటీన్ పేరులో ‘ప్రోస్టేట్‌కు ప్రత్యేకం’ అని ఉన్నా ఆ పేరు కొంత తప్పుదారి పట్టిస్తుంది. లాలాజల గ్రంథులు, మూత్రపిండాలు కూడా ఈ స్కాన్‌లో వెలుగుతాయి. క్షయ సోకిన కణజాలమూ వెలగవచ్చు. భారత్‌లో ఇది మరవకూడని విషయం.

ముప్పు ఎక్కువగా ఉన్న 302 మందిపై ఆస్ట్రేలియాలో జరిపిన ‘ప్రోపీఎస్ఎంఏ’ అధ్యయనం ఫలితాలు 2020లో ‘లాన్సెట్’లో వెలువడ్డాయి. వ్యాప్తిని గుర్తించడంలో ఈ స్కాన్ కచ్చితత్వం 92 శాతం కాగా, సీటీ, బోన్ స్కాన్ కలిపి 65 శాతమే. రోగికి తగిలే రేడియేషన్ కూడా సగం కంటే తక్కువ.

ఇక్కడే జాగ్రత్త అవసరం. స్కాన్ తర్వాత శస్త్రచికిత్స చేయించుకున్న 277 మందిపై కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన రెండు కేంద్రాలు 2021లో ఫలితాలు ప్రకటించాయి. కటి ప్రాంతపు లింఫు గ్రంథుల్లో వ్యాధి ఉన్నవారిలో దాదాపు 40 శాతం మందిలోనే అది స్కాన్‌లో కనిపించింది. కొన్ని మిల్లీమీటర్ల మచ్చలు దానికీ అందవు. కాబట్టి స్కాన్‌లో ఏమీ లేదంటే లింఫు గ్రంథులను తీసి పరీక్షించనక్కర్లేదని కాదు.

రెండో చిక్కు మరింత లోతైనది. శస్త్రచికిత్స ప్రయోజనాన్ని నిరూపించిన ప్రధాన పరిశోధనలు పాత స్కాన్‌ల కాలంనాటివి. నేటి పెట్‌లో చిన్న చుక్క కనిపించే రోగి నాడు గ్రంథికే పరిమితమైన వ్యాధి గలవారి జాబితాలోనే ఉండేవాడు. అందుచేత పక్కటెముకలో ఒంటరిగా, మందంగా వెలిగిన ఒక్క చుక్క చూసి నయం చేసే చికిత్సను నిరాకరించడం తొందరపాటే. ముందుగా ఆ చోట సీటీ లేదా ఎంఆర్ఐతో సరిచూసి, అనుమానం తీరకపోతే ఎముక నుంచి ముక్క తీసి పరీక్షించవలసి ఉంటుంది.