కమిలిన చోటు

మా మేనత్తది కవిటి దగ్గర ఊరు. పోయిన వేసవిలో చూడ్డానికెళ్తే అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. కుడి మోకాలి పక్కన జీడిపండంత మేర చర్మం ఊదారంగుకి తిరిగి ఉంది.

“ఏటయింది అత్తా, పడిపోయేవా?”

“పడ్డం ఏటి బాబూ. సూదులేయించుకున్నాను. పక్కూర్లో శిబిరం ఎట్టినారు. చైనా సూదులట. ఇలా నల్లబడితే ఒంట్లో ఇసం బయటికొస్తన్నట్టట, బయపడొద్దన్నారు.”

అత్తకి ఉద్దానం కిడ్నీ జబ్బు ఉంది. డయాలసిస్ దాకా రాలేదు గానీ, క్రియాటినిన్ అంకె ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. నొప్పి మాత్రలు ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. గుండెకని రక్తం పలచబరిచే మాత్ర ఒకటి రోజూ వేసుకుంటుంది. సూదులు గుచ్చినాయన ఈ రెండింటిలో ఏ ఒక్కటీ అడగలేదు. అత్త కూడా చెప్పలేదు. మోకాలికీ కిడ్నీకీ ఏం సంబంధం అనుకుంది.

నాకు కోపం వచ్చింది, ముందు ఆయన మీద, తర్వాత అత్త మీద. తిరుగు ప్రయాణంలో కోపం చల్లారాక ఇంకో ప్రశ్న మిగిలింది. గుచ్చితే కమిలింది. కమిలితే మంచిదే అన్నారు. అంత సులువుగా ఎలా నమ్మింది? పంచాయితీలో పైసా లెక్క తప్పితే ఊరుకోని మనిషి. ఆలోచిస్తే అర్థమైంది, మా వైపు జనానికి సూదితో పరిచయం నిన్నటిది కాదు. ఒంటి మీద సూది వదిలిన గుర్తుని మంచికే చదువుకోవడం తరతరాలుగా నేర్చుకున్నారు.

మొదటి సూది పచ్చబొట్టుది. నాలుగు సూదులు కలిపి కట్టి, దీపపు మసిని ఆకుపసరుతో నూరి, ఎరుకల ఆడవాళ్లు ఊరూరా తిరిగి పొడిచేవారు. అత్త ముంజేతి మీద ఇప్పటికీ చుక్కల ముగ్గు ఉంది. పొడిచిన రోజు చెయ్యి వాచింది, పసుపు రాశారు, పొక్కు కట్టి రాలింది. వాపు రాకపోతే బొట్టు నిలవదు అనేవారట. చచ్చాక వెంట వచ్చేది అదొక్కటే అని కూడా అనేవారు.

రెండో సూది టీకాది. జెన్నర్ టీకా 1802 జూన్‌లో బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ల పాపకి వేయడంతో మన దేశంలో మొదలైంది. అప్పట్లో ఐస్ పెట్టెలు లేవు కాబట్టి మందుని మనుషుల మీదే మోసుకుపోవాలి. ఒక బిడ్డ చేతి మీద లేచిన బొబ్బలోంచి రసం తీసి ఇంకో బిడ్డకి అంటించేవారు. అందుకే టీకా వేసినవాడు వారం రోజులకి మళ్లీ రావాల్సిందే. బొబ్బ లేచిందా, టీకా పట్టినట్టు. లేవలేదా, మళ్లీ గీరాలి. మశూచిని అమ్మవారు అని పిలిచే నేల ఇది. విజయనగరం పైడితల్లి కథలోనూ, 1757 బొబ్బిలి యుద్ధం నాటికి రాజుగారి చెల్లెలు మశూచితో మంచాన ఉందనే చెబుతారు. అలాంటి చోట, అమ్మవారిని చిన్న రూపంలో ఒంటి మీదికి పిలిచి మచ్చ వేయించుకోవడం జనానికి అర్థం కాని పనేమీ కాదు.

మశూచిని తుడిచిపెట్టిన ఆఖరి సంవత్సరాల్లో రెండు మొనల సూది వచ్చింది. ఒకే చోట గబగబా పదిహేను పోట్లు. రక్తం చిన్నగా చెమర్చాలి, లేకపోతే సరిగా వేయనట్టే, అన్నది వేసేవాళ్లకిచ్చిన నియమం. 1975లో మన దేశం నుంచి మశూచి పోయింది. దాని గుర్తుగా రూపాయి బిళ్లంత మచ్చ ఒక తరం మొత్తం జబ్బల మీద మిగిలింది. ఇక్కడ మచ్చ మూఢనమ్మకం కాదని గమనించాలి. మచ్చ నిజంగానే రుజువు. సైన్సే ఆ పాఠం నేర్పింది.

మూడోది సూదిమందు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పెన్సిలిన్ వచ్చింది. 1950లలో యాస్ అనే చర్మవ్యాధి మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ సాయంతో మన్యం ఊళ్లలో ప్రచారం నడిచింది. ఏళ్ల తరబడి మానని పుళ్లు ఒక్క ఇంజెక్షన్‌తో మాసిపోయాయి. కళ్లారా అది చూసినవాళ్లకి మాత్ర మీద ఏం నమ్మకం ఉంటుంది? ఇప్పటికీ మా వైపు ఆర్ఎంపీ దగ్గరికి వెళ్లినవాళ్లు సూది వేయకపోతే వైద్యం జరిగినట్టే లెక్కెయ్యరు. పిర్ర రెండు రోజులు సలిపితే “బలవైన మందు” అంటారు.

ఇక చైనా సూది. దానికి యూరప్‌లో పేరు పెట్టినవాడు విల్లెం టెన్ రైన్ అనే డచ్చి వైద్యుడు. నాగసాకి దగ్గర డచ్చి ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉండగా ఈ వైద్యం చూశాడు. 1683లో లండన్‌లో అచ్చయిన లాటిన్ పుస్తకంలో ‘సూది’, ‘పోటు’ అనే రెండు మాటలు కలిపి ఆక్యుపంక్చర్ అన్నాడు. ఆ పుస్తకం దేని గురించో తెలుసా? కీళ్లనొప్పుల గురించే. అదే కంపెనీకి ఆ శతాబ్దంలోనే మన భీమునిపట్నంలో స్థావరం ఉంది. కంపెనీ ఓడల్లో బట్టలు పోయాయి గానీ ఈ సూది మాత్రం ఇక్కడ దిగలేదు.

అది దిగడానికి ఒక యుద్ధం కావలసివచ్చింది. 1938లో, జపాన్ దాడిలో ఉన్న చైనాకి కాంగ్రెస్ ఐదుగురు డాక్టర్లను పంపింది. వాళ్లలో షోలాపూర్ డాక్టర్ కోట్నిస్ అక్కడే 1942లో చనిపోయాడు. శాంతారాం సినిమా తీసింది ఆయన మీదే. తిరిగొచ్చిన వాళ్లలో ఒకరు కలకత్తా డాక్టర్ బిజయ్ కుమార్ బసు. 1950ల చివర మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకొచ్చి కలకత్తాలో మొదలుపెట్టాడు. పశ్చిమ బెంగాల్ 1996లో దీనికో చట్టమే చేసింది. చైనాలో మాత్రం దీని కథ ఎగుడుదిగుళ్లది. 1822లో చక్రవర్తి తన ఆస్థాన వైద్యశాలలో దీన్ని నిషేధించాడు. మావో కాలంలో పల్లెపల్లెకీ వెళ్లిన చెప్పుల్లేని డాక్టర్ల సంచుల్లోకి మళ్లీ చేరింది. “వేల ఏళ్లుగా చెక్కుచెదరని వైద్యం” అని శిబిరాల్లో చెప్పే మాట చైనా చరిత్రకే సరిపోదు.

ఇప్పుడు అత్త మోకాలి దగ్గరికొద్దాం. అసలు కమలడం అంటే ఏమిటి? సూది దారిలో సన్నటి రక్తనాళం ఒకటి తెగుతుంది. రక్తం చర్మం కింద చేరుతుంది. అందులోని హిమోగ్లోబిన్ విరుగుతున్నకొద్దీ రంగు మారుతుంది. ఆకుపచ్చ బిలివర్డిన్‌ది, పసుపు బిలిరుబిన్‌ది. చివరికి ఒళ్లే దాన్ని తుడిచేసుకుంటుంది. బయటికి పోయే విషం ఏదీ లేదు. పోవాల్సిన రక్తం లోపలే ఉండిపోయిందంతే.

ఇదేమీ అరుదైన సంగతి కాదు. జర్మనీలో 2,29,230 మంది మీద చేసి 2009లో ప్రచురించిన పరిశీలనలో 8.6 శాతం మంది ఏదో ఒక ఇబ్బంది చెప్పారు. అందులో ఎక్కువ భాగం రక్తం రావడం, కమలడం: 6.1 శాతం. ఇద్దరికి మాత్రం ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరింది. ఇరవై లక్షలకు పైగా దఫాల వైద్యంలో ఇది తక్కువే. కానీ అక్కడ గుచ్చినవాళ్లు శిక్షణ పొందిన డాక్టర్లు. ఇంకో వైపు, 1984లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో ఒకే ఆక్యుపంక్చర్ వైద్యుడి దగ్గరికి వెళ్లిన 35 మందికి హెపటైటిస్-బి సోకింది. సూది ఒకటే, దాన్ని పట్టుకున్న చెయ్యే తేడా.

రక్తం గడ్డకట్టని జబ్బులున్నవాళ్లకీ, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లకీ సూదులు వద్దని 1999లో ప్రపంచ ఆరోగ్య సంస్థే రాసిపెట్టింది. కిడ్నీ జబ్బు ముదిరేకొద్దీ రక్తంలో పేరుకునే వ్యర్థాల వల్ల ప్లేట్‌లెట్లు సరిగా అతుక్కోవు. అందరికీ వేరుశెనగ గింజంత కమిలే చోట వీళ్లకి జీడిపండంత కమలొచ్చు. అంటే అత్త మోకాలి మీద ఉన్న గుర్తు వైద్యం పనిచేస్తోందని చెప్పడం లేదు. ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉందని చెబుతోంది. “కమలొచ్చు, రెండు వారాల్లో పోతుంది. మీరేం మాత్రలు వాడుతున్నారు?” అని ముందే అని ఉంటే సరిపోయేది. ‘విషం’ అనే మాట ఆ ప్రశ్నని మింగేసింది. పచ్చబొట్టూ, టీకా, సూదిమందూ కూడబెట్టిన నమ్మకాన్ని అప్పనంగా వాడుకుంది.

ఫోన్లో అత్తకి ఇదంతా విడమరిచి చెప్పాను. విన్నది. పలాసలో పెద్ద డాక్టరుకి చూపించుకుంది కూడా. 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి అక్కడ తెరిచాక విశాఖ దాకా పరుగెత్తే అవసరం తగ్గింది. ఆయన కూడా సూదులు మానేయమన్నాడు. మచ్చ ఆకుపచ్చగా, తర్వాత పసుపుగా మారి, మూడో వారానికి పోయింది.

మొన్న మళ్లీ మాట్లాడాను. ఉద్దానంలో ఈ జబ్బుకి ఇదీ కారణం అని ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. ఎండలో చాకిరీ, నీళ్లలో సిలికా, పురుగుమందులు, నొప్పి మాత్రలు, అన్నీ అనుమానితుల జాబితాలో ఉన్నాయి. ఆ జాబితా అత్తకి నాకంటే బాగా తెలుసు. తోట పని మాత్రం మానలేదు.

“మచ్చ పోనాది బాబూ,” అంది. “నొప్పి ఉంది. మాత్ర ఒద్దన్నారు. సూది ఒద్దన్నారు. ఇసం లేదన్నావు, సరే. మరి నన్నేటి సెయ్యమంటావు?”